గ్లాసులో లేని ద్రాక్ష

"ఇందులో ద్రాక్ష లేదు సార్," అంది సౌజన్య.

ప్రేమ్‌సింగ్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. చెవిన పడ్డ మాట నమ్మబుద్ధి కానప్పుడు కళ్లజోడు తుడుచుకోవడం ఆయన అలవాటు. ఎక్సైజ్ శాఖలో ఎస్సైగా చేసి రిటైరైన మనిషి. మహబూబాబాద్‌లో ఒంటిగది ఆఫీసు తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు పెట్టి రెండేళ్లు దాటింది. ఇన్నాళ్లూ ఆయన పట్టుకున్నవి ఎక్కువగా పెళ్లికొడుకుల అబద్ధాలే. చావు కేసు ఇదే మొదటిది.

"మల్ల చెప్పమ్మా. దేంట్ల లేదు?"

"గ్లాసుల. మీరు తెచ్చిన మూడో సీసాల."

జనగామలో అదొక ప్రైవేటు ఫార్మసీ కాలేజీ. పిల్లలంతా ర్యాలీకి పోయారు. లోపల జనరేటర్ చప్పుడు, గోడ పక్కన గుయ్యిమనే యంత్రం, దాని ముందు లెక్చరర్ సౌజన్య, ఆమె పక్కన స్టూలు మీద ప్రేమ్‌సింగ్. తెలంగాణ కోసం సహాయ నిరాకరణ మొదలయ్యాక సర్కారు ప్రయోగశాలల్లో పని ఆగిపోయింది. రిపోర్టు రావాలంటే ఎన్ని వారాలు పడుతుందో చెప్పే నాథుడు లేడు. అందుకే సీఐ జైపాల్ వెంటపడి, బతిమాలి, సీలు వేసిన నమూనాల్లోంచి తలా కాస్త తీసుకుని, కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని ఇక్కడిదాకా వచ్చాడు. "నీ తృప్తి కోసం పో అన్నా" అని జైపాల్ నవ్వాడు. ఆ నవ్వు ప్రేమ్‌సింగ్‌కి ఇంకా మంట పుట్టిస్తూనే ఉంది.

జరిగింది ఊరందరికీ తెలిసిందే. మహబూబాబాద్ దీక్షా శిబిరంలో రిటైర్డు హెడ్మాస్టరు పెద్దులు సార్ ఏడు రోజులు నిరాహార దీక్ష చేశాడు. దీక్ష విరమణకు నిమ్మరసం ఇవ్వడం రివాజు. కాని ఆయనకు కడుపులో పుండు ఉంది, నిమ్మరసం వద్దన్నాడు డాక్టరు. సరే, ద్రాక్షరసం ఇద్దామనుకున్నారు. స్టేషన్ దగ్గర తోపుడుబండి మీద పళ్లమ్మే తండా మనిషి సారక్క, నల్ల ద్రాక్ష తెచ్చి, అందరి ఎదుటే పిండి, గుడ్డలో వడగట్టి, తన చేత్తో తాగించింది. సాయంత్రానికి పెద్దులు సార్‌కి నెత్తురు వాంతులయ్యాయి. తెల్లవారేసరికి దవాఖానలో కన్నుమూశాడు.

దీక్ష చివరి రోజు మైకులో ఆయనొక మాట అన్నాడు. "మన శిబిరంల పోలీసులకు మాటలు మోసే ముఖబీర్ ఒకడున్నడు. రేపు వాని పేరు చెప్త." ఆ పేరు తెలిసిన మరో మనిషి భూపాలపల్లి బొగ్గుగని కార్మికుడు యోసేపు. ఆయనా భూపాలపల్లి శిబిరంలో దీక్షలోనే ఉన్నాడు, ఆ పేరు ఇంకా బయటపెట్టలేదు. పెద్దులు సార్ చెబుతానన్న రేపు ఆయనకు దక్కలేదు.

నిన్న సాయంత్రం సారక్కను అరెస్టు చేశారు. ఈ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడతారు, అటునుంచి జైలుకే. వకీళ్లు కోర్టులు బహిష్కరించారు. బహిష్కరించకపోయినా, పెద్దులు సార్‌ని చంపిందన్న పేరు పడ్డ మనిషి తరఫున నల్లకోటు వేసుకునే వాడెవడు? సారక్క కూతురు కవిత, డిగ్రీ చదివే పిల్ల, ప్రేమ్‌సింగ్ గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగింది: "మామా, మా అమ్మ ఎవ్వలనన్న చంపుతదా?" వాళ్లది ఒకే తండా. ప్రేమ్‌సింగ్ చెప్పులు వేసుకుని బయల్దేరాడు, అంతే.

"నాకర్థమయ్యేటట్టు చెప్పమ్మా," అన్నాడు. "నేను సారా వాసన పట్టి చెప్పినోన్ని. ఈ గీతలు నాకు తెల్వయి."

సౌజన్య కాగితాలు మూడూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. "దీన్ని లిక్విడ్ క్రొమటోగ్రఫీ అంటరు సార్. రసాన్ని పల్చగ చేసి, సన్న జల్లెడల వడగట్టి, ఈ ఉక్కుగొట్టంలకు పంపిస్తం. డోర్నకల్ పోయే ప్యాసింజరు బండి అనుకోండ్రి. అందరు ఒక్కదగ్గరనే ఎక్కుతరు, ఎవల స్టేషన్ల వాళ్లు దిగుతరు. రసంలున్న పులుపులు గూడ అంతే. ఒక్కో యాసిడ్ ఒక్కో టైముకు బయటికొస్తది. వచ్చిందంటే ఇక్కడ గీత గుట్టలెక్క లేస్తది. ఏ టైముకు లేచిందో చూస్తే అదేందో తెలుస్తది, ఎంత ఎత్తు లేచిందో చూస్తే ఎంతున్నదో తెలుస్తది."

"సరే. మొదటి కాగితం?"

"సారక్క బండి మీది పండ్లు. నేనే పిండిన. ఇదిగో, ఈ పెద్ద గుట్ట టార్టారిక్ యాసిడ్. దీని పక్కన మాలిక్. సిట్రిక్ ఏదో ఉన్నదంటే ఉన్నది. ద్రాక్ష అంటే గిట్లనే ఉంటది సార్. టార్టారిక్ ఇంతగనం ఉండే పండ్లు మన దిక్కు ద్రాక్ష, చింతపండు, అంతే. రెండో కాగితం, శిబిరంల గిన్నెల మిగిలిన రసం. చూడుండ్రి, మొదటి దాని అచ్చు దిగినట్టున్నది. విషం జాడ లేదు."

"మూడోది గ్లాసు."

"గ్లాసు అడుగున మిగిలిన చుక్కలు." సౌజన్య వేలు కాగితం మొదట్లో ఆగింది. "అన్నిటికన్నా ముందు దిగింది చూడుండ్రి, ఇది ఆక్సాలిక్ యాసిడ్. తుప్పు మరకలు పోగొట్టే పొడి. కడుపుల పడితే మనిషి దక్కడు. మొదట్ల చెత్తంత ఒక్కసారే బయటికి ఉరుకుతది కాబట్టి నాకే అనుమానమొచ్చింది. అందుకే అసలు ఆక్సాలిక్ తెచ్చి ఇందుల కొంచెం కలిపి మల్ల నడిపిన. కొత్త గుట్ట లేస్తే నాది తప్పు. లేవలే. ఉన్న గుట్టనే పెరిగింది."

"అంటే విషం గ్లాసులనే ఉన్నది."

"ఉన్నది. కాని సార్, దీని కన్నా నన్ను పరేషాన్ చేసింది ఇది." చివరి గుట్ట చూపించింది. అది కాగితం పైఅంచు దాకా లేచింది. "సిట్రిక్. నిమ్మఉప్పు. మరి ద్రాక్షది, గా టార్టారిక్, ఏది? ఉన్నదో లేదో అన్నట్టున్నది. మాలిక్ అసలుకే లేదు. ఇది నిమ్మఉప్పు, రంగు, చక్కెర కలిపిన నీళ్లు. ద్రాక్షరసం గ్లాసు అంచుకు ఎన్నడో తగిలి పోయింది, అంతే."

ప్రేమ్‌సింగ్ మూడు కాగితాలూ మళ్లీ ఒక్కొక్కటే చూశాడు. కానిస్టేబుల్ రెండుసార్లు దగ్గాడు. అందరి కళ్లముందు పెద్దులు సార్ తాగింది ద్రాక్షరసం. ఆ గ్లాసులో ఉన్నది ద్రాక్షరసం కాదు. రెండూ నిజమే అయితే, మధ్యలో ఎవరికీ కనబడని సంగతి ఏదో ఉండాలి. ఇరవై మంది సాక్షులు చెప్పింది ఒక్కటే మాట: సార్ ఒక్కసారే తాగాడు, సారక్కే తాగించింది. ఇరవై మంది కూడబలుక్కుని అబద్ధం ఆడరు. ఆడితే ఇంత అందంగా కుదరదు.

"సంతకం పెడ్తవా అమ్మా?"

"గ్లాసుల ఏమున్నదో రాసి పెడ్త. ఎవరు పోసిండ్రో నా మిషన్‌కు తెల్వది సార్," అంది సౌజన్య.

*

మహబూబాబాద్ స్టేషన్లో రైలు దిగి నేరుగా సీఐ దగ్గరికి పోయాడు. రేపు రైల్‌రోకో, ఈ రోజుకి బండ్లు నడుస్తున్నాయి. అదొక్కటే ఆయన అదృష్టం.

జైపాల్ కాగితాలు తిప్పి చూసి బల్ల మీద పడేశాడు. ఆయనా తండా మనిషే. ఇద్దరూ ఒకప్పుడు ఒకే హాస్టల్లో ఉడకని అన్నం తిన్నవాళ్లు. తండా మనిషిని తండా సీఐ వదిలేశాడన్న మాట పడకూడదని జైపాల్‌కి పట్టుదల. ఆ పట్టుదల న్యాయం కన్నా ఒక మెట్టు పైకే పోయిందని ప్రేమ్‌సింగ్ అభిప్రాయం.

"మంచిగయింది అన్నా. నా కేసు నువ్వే గట్టిగ చేసినవు. గిన్నెల విషం లేదు, గ్లాసుల ఉన్నది. గ్లాసు పట్టుకున్నది సారక్క. ఇంకేం గావాలె?"

"గ్లాసుల ద్రాక్షరసం గూడ లేదు జైపాల్. అది చదివినవా?"

"ముందుగాల నిమ్మఉప్పు నీళ్లు పోసి, మీదికెల్లి రసం పోసింది."

"గట్లయితే ద్రాక్ష పులుపు నిండ ఉండాలె. జాడనే ఉన్నది. అంటే ద్రాక్షరసం తాగి ఖాళీ చేసినంక, కడుగకుండ అదే గ్లాసుల ఇంకొకటి పోసిండ్రు. పెద్దులు సార్ రెండుసార్లు తాగిండు."

"ఇరవై మంది ఒక్కసారే అన్నరు! నా కానిస్టేబుల్ ఆన్నే ఉన్నడు, వాడూ అదే అన్నడు. గీతలను నమ్మాల్నా, మనుషులను నమ్మాల్నా?"

"రెండిటినీ. పెద్దులు సార్ చెప్తనన్న ముఖబీర్ ఎవడు?"

జైపాల్ మొహం గడ్డకట్టింది. "నా మనుషుల పేర్లు నీకు చెప్పాల్నా? రిటైరైనవ్, ఇంట్ల గూసో అన్నా. చావు కేసులు నీవి కావు."

"నావి కావు. సారక్కతోటి రెండు నిమిషాలు మాట్లాడనియ్యి. పోత."

జైపాల్ కాదనలేదు. కాదంటే భయపడ్డట్టుంటుందని కావచ్చు.

మహిళా కానిస్టేబుల్ పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది సారక్క. కాళ్ల కడియాలు తీయించేశారు, చీలమండల మీద వాటి గుర్తులు తెల్లగా కనిపిస్తున్నాయి. ప్రేమ్‌సింగ్ ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. పొద్దుటినుంచీ మోసుకొచ్చిన మంచి కబురు ఇదొక్కటే, ముందు అదే చెప్పాలనుకున్నాడు.

"చెల్లె, నీ పండ్లల్ల విషం లేదు. నువ్వు పిండిన రసంల లేదు. జనగామల మిషన్ మీద తేలింది. నువ్వు మంచిగనే ఇచ్చినవ్."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. దండం పెడుతుందనుకున్నాడు. కాని సారక్క మొహంలో నెత్తురు లేకుండా పోయింది.

"లేదా?" అంది మెల్లగా. తరవాత ఒక్కసారిగా లేచి నిలబడింది. "ఉన్నది అన్నా! మిషన్‌కేం తెలుస్తది? నేనే కలిపిన. రెండుసార్లూ నేనే పోసిన. ఇంకెవ్వలు పోయలే. రాసుకోండ్రి, ఏలుముద్ర ఏస్త!"

గుమ్మంలో జైపాల్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇన్నవా?" అన్నాడు. "ఒప్పుకున్నది. నేను అడుగను గూడ అడుగలే."

"ఇన్న," అన్నాడు ప్రేమ్‌సింగ్. తనమీద నేరం లేదంటే బెదిరిపోయే తల్లి దేనికి బెదిరినట్టు? "నువ్వూ ఇన్నవు గదా జైపాల్. ఇరవై మంది ఒక్కసారి అన్నరు. రెండుసార్లు అన్నది ఆమె ఒక్కతే. ఆ రెండోసారి నాకు గావాలె. శిబిరానికి నడువు."

జైపాల్ టోపీ అందుకున్నాడు. ఎంత మొండివాడైనా పోలీసు పోలీసే.

*

శిబిరంలో పెద్దులు సార్ కూర్చున్న చోట ఆయన ఫోటోకి దండ వేశారు. సంతాపానికి వచ్చినవాళ్లు వచ్చి పోతున్నారు. టెంటు నుంచి తాగే మజ్జిగ దాకా అన్నీ రామచందర్ సేటు హోల్‌సేల్ దుకాణం నుంచి వచ్చినవే. ఆయన లేకపోతే ఈ శిబిరం వారం రోజులు కూడా నిలిచేది కాదని అందరూ అంటారు. సామాన్లు చూసుకునేది ఉమా టీచర్. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయాయి.

ప్రేమ్‌సింగ్ చాప మీద ఫోటో పక్కనే కూర్చున్నాడు. "టీచరమ్మా, నేను పెద్దులు సార్ననుకో. సారక్క ఏడ గూసున్నది?"

"గీడనే, సార్ ఎడమ దిక్కు. గిన్నె ఆమె ముంగట."

"నేను తాగిన. గ్లాసు ఎవరికిచ్చిన?"

"సారక్కకే ఇచ్చినవు. ఆమె గిన్నె పక్కన పెట్టి, చెయ్యి కడుక్కొని, బండి కాడికి పోయింది. గా రోడ్డవతల ఉంటది బండి. గాణ్నుంచి ఇదంత కనబడ్తది."

"జైపాల్, మీకు గ్లాసు ఏడ దొరికింది?"

"ఆ బల్ల మీద," అన్నాడు జైపాల్. బల్ల టెంటు కుడి మూల ఉంది, మైకు పక్కన. చెప్పిన తరవాత ఆయనే ఆ బల్ల వైపు, గిన్నె పెట్టిన చోటు వైపు మార్చి మార్చి చూశాడు.

"ఎడమ దిక్కు గిన్నె కాడ పెట్టిన గ్లాసు, కుడి దిక్కు బల్ల మీదికి ఎట్ల నడిచిపోయింది టీచరమ్మా?"

"అయ్యో, అది ఫోటోకు తీసిండ్రన్నా," అంది ఉమ, అదేదో అడగాల్సిన సంగతే కానట్టు.

"ఏ ఫోటోకు?"

"వరంగల్ కెల్లి లీడరు రావాలె గదా, లేటయింది. పత్రికోళ్లు గూడ ఆయన ఎంటనే వచ్చిండ్రు. మల్లొక్కసారి చెయ్యిండ్రి, ఫోటో గావాలె అన్నరు. లీడరు మల్ల తాగిచ్చిండు, ఫోటో దిగిండ్రు, పోయిండ్రు."

"పెద్దులు సార్ మల్ల తాగిండా?"

"తాగుడు గాదన్నా, ఫోటోకు..." ఉమ ఆగిపోయింది. చెయ్యి నోటిమీదికి పోయింది. "ఉత్తగ మూతికి ఆనిస్తడనుకున్నం. ఏడు దినాల ఆకలి. గటగట మొత్తం తాగిండు సార్."

ఎవరూ అబద్ధం ఆడలేదు. దీక్ష విరమణ ఎక్కడా ఒక్కసారితో తెమలదని శిబిరాల్లో తిరిగిన ప్రతివాడికీ తెలుసు. అసలు మనిషి అసలు గ్లాసు ఇచ్చి పోయాక, ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషి కోసం ఒకటి, బ్యాటరీ అయిపోయిన కెమెరా కోసం ఇంకొకటి. అది నాటకమని అందరి లెక్క. నాటకంలో తాగింది కడుపులోకి పోతుందని ఎవరికీ తోచలేదు. ఎన్నిసార్లు తాగాడని పోలీసు అడిగితే నిజాయితీగా ఒక్కసారి అన్నారు. పక్కనే నిలబడి చూసిన కానిస్టేబుల్ కూడా అంతే. ప్రేమ్‌సింగ్‌కి వాళ్లమీద కోపం రాలేదు, తను అక్కడుంటే తనూ అదే చెప్పేవాడు.

"గా రెండో గ్లాసుల ఏం పోసిండ్రు?" అన్నాడు.

"గిన్నె అడుగున తొక్కలు, గింజలే మిగిలినయి. గ్లాసు నిండది, ఫోటోల బాగ కనబడదని సేటు పొడి పొట్లమిచ్చిండు. గా రంగు షర్బత్ పొడి. నీళ్లల్ల కలుపుమన్నడు, ఫోటోకే గదా అన్నడు."

"ఏ సేటు?"

"మన రామచందర్ సేటే."

జైపాల్ పక్కనున్న కుర్చీ పట్టుకున్నాడు. ఇందాక కాగితాలు విసిరేసిన మనిషి ఇతనేనా అనిపించేలా ఉంది ఆ మొహం. ప్రేమ్‌సింగ్ దగ్గరికి వంగి, వాళ్ల లంబాడా భాష గోర్‌బోలీలో, మరెవరికీ అందకుండా అన్నాడు: "అన్నా, ఇందాక నువ్వడిగిన పేరు అదే. సేటు నా మనిషే. శిబిరంల సంగతులు ఆయనే నాకు చెప్తడు. ఇట్ల చేస్తడని నేను..." మిగతాది మింగేశాడు.

దెప్పడానికి ఇది సమయం కాదు, అవతలి మనిషిలో పొగరు ఎప్పుడో దిగిపోయింది. ప్రేమ్‌సింగ్ ఉమ వైపు తిరిగాడు. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటే ఉంది. జవాబు ఆయనకి తెలుసు, సారక్క మొహంలో చూసి వచ్చాడు.

"నీళ్లల్ల పొడి కలిపిందెవరు టీచరమ్మా?"

"కవిత," అంది ఉమ. "అమ్మ ఎంట వచ్చింది గదా, ఉత్తగ నిలబడ్డది. సేటు చేతికిస్తే కలిపింది. పిల్లకేం తెలుసన్నా?"

ఆ రోజు రోడ్డవతల బండి దగ్గర నిలబడి సారక్క ఇదంతా చూసింది. తన రసం మంచిదని ఆమెకు తెలుసు. మిగిలింది కూతురు కలిపిన గ్లాసు ఒక్కటే. ఆ గ్లాసు సంగతి ఎవరూ తలవకముందే నేరం నెత్తిన వేసుకుంటే పిల్ల బయట ఉంటుందనుకుంది. జనగామ నుంచి తను సంతోషంగా మోసుకొచ్చిన కాగితాలు తల్లిని విడిపించి కూతుర్ని పట్టిస్తాయి. ప్రేమ్‌సింగ్‌కి ఆ కాగితాలు ముట్టుకోబుద్ధి కాలేదు.

"పొట్లం సేటు చేతికెల్లి వచ్చిందని చెప్పగలిగేటోళ్లు ఎంతమంది?" జైపాల్ అడిగాడు. గొంతులో ఇప్పుడు అసలు పోలీసు ఉన్నాడు.

"నేను దూరంకెల్లి చూసిన. చేతులకు తీసుకున్నది కవితనే."

"కవిత యాడున్నది?"

"మీకు తెల్వదా?" ఉమ ఇద్దరి మొహాలూ చూసింది. "పొద్దుగాల్నే సేటు కారుల భూపాలపల్లి పోయింది. ఇయ్యాల యోసేపు దీక్ష ఇడుస్తడు గదా. నీ చేతితోటి రసమిప్పిస్త బిడ్డా, జనం ముంగట నువ్వూ తాగు, తండోళ్ల చేతిల విషం లేదని అందరు చూస్తరు, మీ అమ్మ మీద మాట పోతది అన్నడు. పిల్ల ఏడ్సుకుంట సేటు కాళ్లు మొక్కింది."

జైపాల్ అప్పటికే జీపు వైపు పరుగెడుతూ భూపాలపల్లి స్టేషన్‌కి ఫోన్ కలుపుతున్నాడు. ప్రేమ్‌సింగ్ కవిత నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. మూడోసారి రింగయింది. అవతల డప్పులు, జై తెలంగాణ నినాదాలు, మైకు కీచుమనడం.

"కవితా! నేను, ప్రేమ్‌సింగ్ మామను."

"మామా! జర గట్టిగ మాట్లాడు, బాగ జనమున్నరు."

"నీ చేతిల ఏమున్నది?"

"గ్లాసు మామా."

"కింద పెట్టు! ముందుగాల కింద పెట్టు బిడ్డా, ఎవ్వలకియ్యకు, నువ్వు ముట్టకు!"

"పెడ్తున్న మామా, ఖాళీదే," అంది కవిత. మూడు రోజుల తరవాత ఆ గొంతులో సంతోషం వినిపించింది. "యోసేపు బాపు సగం, నేను సగం. అందరు చూసిండ్రు, ఫోటోలు గూడ దీసిండ్రు. ఇగ అమ్మను ఇడిచిపెడ్తరు గదా?"